తప్పు చూపిన కన్ను, తీర్పు చెప్పిన నోరు

తెలుగునాట ఏ ఊళ్లో పుస్తకావిష్కరణ సభ జరిగినా తీరు ఇంచుమించు ఒక్కటే. వేదిక మీద అధ్యక్షులు, ముఖ్య అతిథి, పుస్తకాన్ని పరిచయం చేసే వక్త, ఇద్దరు ముగ్గురు ఆత్మీయ అతిథులు ఉంటారు. రచయితకు శాలువా కప్పుతారు, ప్రతులు పైకెత్తి ఫొటో దిగుతారు, ప్రతి వక్తా నాలుగు మంచి మాటలు చెబుతారు. నాట్య ప్రదర్శన ముగిశాక, చిత్ర ప్రదర్శన ప్రారంభం నాడు జరిగేదీ ఇదే. పండగ పూట తప్పులెంచమని ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. అయితే ఆ పండగ దాటాక కూడా కళాకారుడికి ఉన్నదున్నట్టు చెప్పే మనిషి దొరకడం లేదన్నదే అసలు బాధ. మెచ్చుకోలు మైకులో వినపడుతుంది, పెదవి విరుపు బయట టీ కొట్టు దగ్గర వినపడుతుంది. తర్వాతి పుస్తకానికి ఈ రెండింటిలో ఏదీ సాయపడదు. దీనికి మన మొహమాటమే కారణమని కొందరు, కళాకారుల అహమే కారణమని కొందరు అంటారు. అంతకంటే లోతైన కారణం ఒకటుందని నా నమ్మకం. ఒక పనిలో లోపాన్ని చూపడం వేరు, ఆ పని విలువను తేల్చడం వేరు. చెప్పేవాళ్లూ వినేవాళ్లూ ఈ రెండింటినీ ఒకటిగా కలిపేసుకుంటున్నారు. లోపం చూసే కన్ను ఎంత చురుకైనదైనా, తీర్పు చెప్పే నోరు పొరపడవచ్చు. ఈ తేడా మనసులో పెట్టుకుంటే విమర్శ చెప్పడమూ తేలికవుతుంది, స్వీకరించడమూ తేలికవుతుంది.

చిత్రకళ చరిత్రలో దీనికి గట్టి సాక్ష్యం ఉంది. 1885 వసంతంలో విన్సెంట్ వాన్ గో నెదర్లాండ్స్‌లోని న్యూనెన్ అనే పల్లెలో 'బంగాళాదుంపలు తినేవాళ్లు' చిత్రం వేశాడు. అప్పటికి అతనికి 32 ఏళ్లు. దాని కోసం చలికాలమంతా అక్కడి రైతుల ముఖాలు గీసి గీసి చెయ్యి తిప్పుకున్నాడు. పైన వేలాడే నూనె దీపం, దాని వెలుగులో బల్ల చుట్టూ అయిదుగురు, పళ్లెంలో వేడి దుంపలు, కప్పుల్లోకి వంపుతున్న కాఫీ. ఏ చేతులతో మట్టి తవ్వారో ఆ చేతులతోనే వాళ్లు తింటున్నారని, అది కష్టపడి సంపాదించుకున్న తిండి అని చూపడమే తన ఉద్దేశమని తమ్ముడు థియోకు రాశాడు. అదే దృశ్యాన్ని జ్ఞాపకం మీద లితోగ్రాఫ్‌గా, అంటే రాతి పలక మీద గీసి తీసే అచ్చుగా కూడా చేసి, అయిదేళ్ల స్నేహితుడైన చిత్రకారుడు ఆంతోన్ వాన్ రాపార్డ్‌కు పంపాడు. రాపార్డ్ నుంచి వచ్చిన జవాబు నిప్పులు చెరిగింది. వెనక ఉన్న ఆడమనిషి చెయ్యి నాజూకుగా, అబద్ధంగా ఉందన్నాడు. కాఫీ కెటిల్ బల్ల మీదా ఆనలేదు, చేతిలోనూ లేదు, మరి ఎక్కడున్నట్టని అడిగాడు. కుడివైపు మగమనిషికి మోకాలు, పొట్ట, ఊపిరితిత్తులు ఏవని నిలదీశాడు. చెయ్యి మరీ పొట్టిగా ఉందని, ముక్కు సగమే ఉందని ఎత్తి చూపాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఇది మనసు పెట్టి చేసిన పని కాదని, ఇలా పనిచేసేవాడికి మిలే లాంటి మహా చిత్రకారుడి పేరెత్తే అర్హత లేదని కూడా తేల్చేశాడు. వాన్ గో ఆ ఉత్తరాన్ని తిప్పి పంపేశాడు. మరికొన్ని నెలలు ఉత్తరాలు నడిచాయి గానీ ఆ ఏడాదిలోనే స్నేహం తెగిపోయింది.

ఆ ఉత్తరంలోని మాటలను విడదీసి చూస్తే విషయం తేటపడుతుంది. చెయ్యి, కెటిల్, మోకాలు, ముక్కు గురించి రాపార్డ్ చెప్పినవి కంటికి కనపడే సంగతులు. ఆ అచ్చును ఒక్క రోజులో, చూడకుండా జ్ఞాపకం మీద గీశానని వాన్ గో కూడా చెప్పుకున్నాడు. ఇక మనసు పెట్టని పని అన్న తీర్పు సంగతి చూడండి. రాపార్డ్ ముందున్నది ఒక అచ్చు కాగితం మాత్రమే. చలికాలమంతా జరిగిన సాధన ఆ కాగితంలో అతనికి కనపడలేదు, ఆ చిత్రం ఏం సాధించబోతోందో అంచనాకు అందలేదు. అంటే ఒకే మనిషి, ఒకే ఉత్తరంలో, లోపాల దగ్గర సరిగ్గా చూశాడు, విలువ దగ్గర పొరపడ్డాడు. వాన్ గో ఆ వేసవిలో ఏం చేశాడన్నది ఇంకా ముఖ్యం. పారిస్‌లోని మరో చిత్రకారుడు సెరె కూడా ఆ బొమ్మల్లో ఒంటి నిర్మాణం సరిగ్గా కుదరలేదన్నాడని థియో ద్వారా తెలిసింది. వాన్ గో పెద్ద కాగితాలు, నల్ల చాక్ పట్టుకుని కోత కోసేవాళ్లను, పరిగె ఏరేవాళ్లను, మట్టి తవ్వేవాళ్లను వరసగా గీశాడు. మనిషిని అంచు గీతతో మొదలుపెట్టకుండా నడిమి భాగం నుంచి, ఒంటి బరువు నుంచి పట్టుకోవడం సాధన చేశాడు. ఆ బొమ్మల్లో వంగిన నడుములకు నిండుదనం వచ్చింది. అదే వేసవిలో, కొలతకు సరిపోయే మనుషులు తనకు అక్కర్లేదని, నిజాన్ని ఇంకా దగ్గరగా పట్టిచ్చే వంకరలే తనకు కావాలని కూడా తమ్ముడికి రాశాడు. 1887లో పారిస్ నుంచి చెల్లెలికి రాస్తూ, తన చిత్రాలన్నిటిలో ఆ దుంపలు తినే రైతుల బొమ్మే మేలైనదన్నాడు. మనసు నొచ్చుకున్నా చెయ్యి మాత్రం నేర్చుకుంది. లోపాన్ని తీసుకున్నాడు, తీర్పును వదిలేశాడు.

స్నేహం చెడకుండానే ఇలాంటి విమర్శ సాగిన సందర్భం కూడా ఉంది. టి.ఎస్. ఎలియట్ 'ది వేస్ట్ ల్యాండ్' కావ్యం 1922లో అచ్చయింది. అచ్చుకు ముందు దాని చిత్తుప్రతిని ఎలియట్ తన మిత్రుడు, కవి ఎజ్రా పౌండ్ చేతిలో పెట్టాడు. ఆ ప్రతులు చాలాకాలం ఎక్కడున్నాయో లోకానికి తెలియలేదు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉన్నట్టు 1968లో బయటపడింది, 1971లో వాటి నకలు పుస్తకంగా వచ్చింది. అందుకే పౌండ్ కలం ఎక్కడెక్కడ పడిందో ఈనాడు మనం చూడగలుగుతున్నాం. 18వ శతాబ్దపు కవి పోప్ పద్ధతిలో రాసిన పొడవాటి భాగాన్ని కొట్టేశాడు. నాలుగో భాగంలో సముద్రయానం కథంతా తీసేసి చివరి పది పాదాలు మిగిల్చాడు. మొత్తం మీద కావ్యం దాదాపు సగానికి తగ్గింది. అంత కోత చూసి ఎలియట్ నీరసించి, మిగిలిన ఆ పది పాదాలూ తీసెయ్యాలా అని అడిగాడు. వద్దని పౌండ్ గట్టిగా చెప్పాడు. మునిగిపోయిన నావికుడి ప్రస్తావన మొదటి భాగంలోని జోస్యం కార్డుల్లోనే వచ్చింది కాబట్టి ఇక్కడ అతను ఉండి తీరాలని కారణం చూపాడు. కొట్టెయ్యమన్నప్పుడు ఎంత తెగువ ఉందో, ఉంచమన్నప్పుడూ అంతే తెగువ ఉంది. రెండుచోట్లా మాట్లాడింది కావ్యం గురించే. ఎలియట్ కూడా కళ్లు మూసుకుని తలూపలేదు. రెండో భాగంలో నరాలు తెగిపోతున్న ఆడమనిషి సంభాషణ దగ్గర, ఇది ఫొటో తీసినట్టుంది కదా అన్న అనుమానంతో పౌండ్ ఒక ముక్క రాశాడు. అక్కడే ఎలియట్ భార్య వివియెన్ అద్భుతమని రాసింది. ఎలియట్ ఆ సంభాషణను ఉంచుకున్నాడు. ఈనాడు ఆ కావ్యంలో పాఠకులకు బాగా గుర్తుండే చోట్లలో అదొకటి. తర్వాత ఆ కావ్యాన్ని పౌండ్‌కే అంకితమిస్తూ, తనకన్నా మేలైన పనివాడని డాంటే మాటల్లో చెప్పుకున్నాడు.

ఈ రెండు సందర్భాల నుంచి విమర్శ చెప్పేవాళ్లు తీసుకోవలసింది ఏమిటంటే, చోటు చూపాలి. పాట తేలిపోయిందంటే గాయకుడు ఏం చెయ్యగలడు? రెండో చరణంలో తారస్థాయి షడ్జం దగ్గర శ్రుతి కాస్త దిగుతోందంటే రేపు పొద్దున్నే తంబురా పెట్టుకుని ఆ ఒక్క చోటు సరిచేసుకుంటాడు. కథ బాగోలేదంటే రచయిత కుంగిపోతాడు లేదా కోప్పడతాడు. మూడో పేజీ దాకా ఎవరి కథో తెలియలేదంటే ఆ మూడు పేజీలు మళ్లీ చదువుకుంటాడు. 1960ల చివర్లో 'సంవేదన' పత్రిక నడిపిన రాచమల్లు రామచంద్రారెడ్డి మాట కటువనే పేరుంది. అయినా ఇప్పటికీ రా.రా. వ్యాసాలు చదువుతున్నామంటే ఆయన రచనలోకి దిగి, ఏది ఎందుకు నిలవదో చూపే ప్రయత్నం చేశారు కాబట్టే. చోటు చూపిన విమర్శకు ఇంకో మేలు ఉంది. మన దగ్గర విమర్శ వెనక కులం, ప్రాంతం, సిద్ధాంత శిబిరం, పాత కక్ష ఉంటాయని తరచూ వినే ఫిర్యాదు. అందులో నిజం లేకపోలేదు. కానీ కెటిల్ గాలిలో వేలాడుతోందని పగవాడు చెప్పినా మనం వెళ్లి చూసుకోవచ్చు. వేలాడుతుంటే వేలాడుతున్నట్టే. చెప్పినవాడి బుద్ధి ఎలాంటిదో తేల్చాల్సిన పని ఉండదు. తీర్పుకు ఆ సౌకర్యం లేదు, చెప్పినవాణ్ణి నమ్మడమో నమ్మకపోవడమో తప్ప. అందుకే పరస్పర నమ్మకం తక్కువైన చోట చోటు చూపే విమర్శే ఎక్కువ అవసరం.

నిజం చెబితే కొత్తవాళ్లు కుప్పకూలిపోతారన్నది తోసిపుచ్చలేని అభ్యంతరం. దీనికి ఆంగ్ల కవి జాన్ కీట్స్‌ను ఉదాహరణగా చెబుతుంటారు. 1818లో వచ్చిన అతని 'ఎండిమియన్' కావ్యం మీద పత్రికలు విరుచుకుపడ్డాయి. కవిత్వం మానేసి మందుల కొట్టుకు తిరిగి పొమ్మని ఒక పత్రిక రాసింది. ఆ దెబ్బకే అతను చనిపోయాడనే కథను షెల్లీ, బైరన్ లాంటి కవులే ప్రచారంలోకి తెచ్చారు. నిజానికి అతన్ని 1821లో, 25 ఏళ్ల వయసులో పొట్టనబెట్టుకున్నది క్షయ. ఆ కావ్యంలోని పచ్చితనాన్ని కీట్స్ తన ముందుమాటలోనే ఒప్పుకున్నాడు. పత్రికల కంటే తన పని మీద తాను చేసుకునే విమర్శే తనను ఎక్కువ బాధించిందని 1818 అక్టోబరులో ఒక ఉత్తరంలో రాశాడు. మరుసటి ఏడాదే అతని గొప్ప గీతాలు పుట్టాయి. అయితే ప్రతి కొత్త కవికీ కీట్స్ గుండె ఉంటుందని అనుకోలేం. మందుల కొట్టుకు పొమ్మన్న మాట కవిని కొట్టింది, అతని పుట్టుకను, బతుకుతెరువును ఎగతాళి చేసింది. అందులో కావ్యానికి పనికొచ్చేది ఒక్క ముక్క లేదు. అలాంటి మాటను నిజాయితీ అనడానికి వీల్లేదు. కొత్తవాళ్లను కాపాడాలంటే ఎగతాళిని ఆపాలి, నిజాన్ని దాచడం వల్ల వాళ్లకు ఒరిగేదేమీ లేదు. పది మంది పొగిడిన పుస్తకం ఎవరూ చదవక అటకెక్కినప్పుడు కారణం చెప్పేవాళ్లు లేక రచయిత పడే బాధ కూడా చిన్నదేం కాదు.

చేతనైతే నువ్వు చేసి చూపించు అన్నది ఇంకో అభ్యంతరం. పౌండ్ లాంటి కవి చెబితే వింటాం గానీ ఊరికే చదివేవాడికి ఏం తెలుసంటారు. కాళిదాసు శాకుంతలం ప్రస్తావనలో సూత్రధారుడు, తెలిసినవాళ్లు తృప్తిపడే దాకా తన ప్రయోగం బాగుందని అనుకోలేనంటాడు. అక్కడ తెలిసినవాళ్లంటే వేషం కట్టి ఆడగలవాళ్లు కారు, ప్రేక్షకులు. చదువరికి తన అనుభవం మీద పూర్తి అధికారం ఉంది. ఫలానా పేజీ దగ్గర ఆగిపోయాను అని అతను అంటే దాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు. అతని అధికారం అక్కడితో ఆగుతుంది. ఆ పేజీ ఎలా బాగుచెయ్యాలో చెప్పడం మొదలుపెట్టినప్పుడు వినడమో మానడమో రచయిత ఇష్టం. ఎందుకు ఆగిపోయారో ఇద్దరు చదువరులు రెండు రకాలుగా చెప్పవచ్చు, రెండు కారణాలూ తప్పు కావచ్చు. ఇద్దరూ ఆగింది ఒకే చోట అయితే ఆ చోట ఏదో ఉన్నట్టే.

అందరి మాటా వింటూ పోతే తన గొంతు తనకు మిగలదన్న భయం కళాకారులకు సహజం. అయితే గొంతు గట్టిగా ఉన్నవాళ్లే ఎక్కువ దిద్దుకున్నారని చరిత్ర చెబుతోంది. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ఆడింది, జనం మెచ్చుకున్నారు, 1897లో అచ్చయింది. ఆ మెప్పు చాలనుకుని ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన మాత్రం అయిదంకాల నాటకాన్ని ఏడంకాలుగా తిరగరాసి 1909లో దాదాపు కొత్త నాటకంగా తెచ్చారు. ఈనాడు మనం చదివేదీ ఆడేదీ ఆ రెండోదే. తన పనిని పరాయివాడి కంటితో చూడగలిగినవాడికి బయటి కళ్లంటే బెదురుండదు. విమర్శ వినగానే సమర్థించుకోవడం మొదలుపెడితే చెప్పేవాడు నోరు మూసుకుంటాడు, ఇక మళ్లీ చెప్పడు. ఎక్కడ అని మాత్రం అడిగి, రాసుకుని, రెండు రోజులాగి ఆ చోటు చూసుకోవాలి. లోపం కనపడితే దిద్దుకోవాలి, కనపడకపోతే ధైర్యంగా ఉంచుకోవాలి.

చివరిగా సమయం గురించి. పౌండ్ మాట చిత్తుప్రతి దశలో పడింది కాబట్టి ఎలియట్ దాన్ని వాడుకోగలిగాడు. మన దగ్గర రచన చాలాసార్లు అచ్చయ్యాకే ఇతరుల కంట పడుతుంది. అప్పటికి దిద్దడానికి ఏమీ మిగలదు, పొగడటమో తెగడటమో తప్ప. ముందుమాట అడిగేటప్పుడు కూడా పుస్తకం అప్పటికే డీటీపీ అయిపోయి ఉంటుంది. ఆ వరస మార్చుకుందాం. పుస్తకం అచ్చుకు వెళ్లే ముందు, పాట వేదికెక్కే ముందు, బొమ్మ ఫ్రేములోకి వెళ్లే ముందు మొహమాటం లేని ఒకరిద్దరికి చూపించి, ఎక్కడ ఆగారో చెప్పమని అడుగుదాం. మనల్ని ఎవరైనా అలా అడిగినప్పుడు బాగుంది అన్న ఒక్క మాటతో తప్పించుకోకుండా, కూర్చుని చదివి, ఒక్క చోటైనా వేలు పెట్టి చూపిద్దాం. కళాకారుడికి మనం ఇవ్వగల గౌరవం అది. ఆ పని గొప్పదా కాదా అన్న తీర్పును కాలానికి వదిలేసినా నష్టమేమీ లేదు.