భిన్నాల సమీకరణం: తప్పంతా తొలి మెట్టులోనే

ఎనిమిదో తరగతిలో ఏకచరరాశి రేఖీయ సమీకరణాల పాఠానికి వచ్చేసరికి చాలామంది విద్యార్థులు తడబడేది భిన్నాల వద్దే. హారాలు కనిపించగానే లెక్క కఠినమైందన్న బెరుకు కలుగుతుంది. నిజానికి ఇందులో కొత్తగా నేర్వవలసింది ఒక్కటే: హారాలను తొలి మెట్టులోనే తొలగించడం. అక్కడ పొరపాటు జరిగితే తరువాతి శ్రమంతా వృథా అవుతుంది.

ఒక రైతు తన ధాన్యం బస్తాల్లో సగం మార్కెట్ యార్డులో అమ్మాడు. మూడో వంతు అప్పు కింద జమ చేశాడు. ఇంట్లో 12 బస్తాలు మిగిలాయి. మొత్తం బస్తాలు ఎన్ని?

తెలియని సంఖ్యకు నేటి పాఠ్యపుస్తకాలు ‘ఎక్స్’ అనే ఆంగ్లాక్షరాన్ని వాడతాయి. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు ‘యావత్తావత్’ అనే మాటలోని తొలి అక్షరం ‘యా’ను వాడాడు. ఆ అక్షరంతో రాస్తే సమీకరణం ఇది:

యా/2 + యా/3 + 12 = యా

హారాలైన 2, 3ల కనిష్ఠ సామాన్య గుణిజం, అంటే క.సా.గు., 6. ఇరువైపులా ఉన్న ప్రతి పదాన్నీ 6తో గుణించాలి.

3యా + 2యా + 72 = 6యా

ఎడమవైపున్న 5యాను ఇరువైపుల నుంచీ తీసివేస్తే యా = 72. అమ్మినవి 36, అప్పుకు పోయినవి 24, మిగిలినవి 12. లెక్క సరిపోయింది.

పొరపాటు జరిగేది 12 వద్ద. దాని కింద హారం లేదు కనుక గుణించనక్కర్లేదని విద్యార్థి భావిస్తాడు. సమీకరణం త్రాసు వంటిది. తట్టలోని కొన్నింటిని ఆరింతలు చేసి ఒకదాన్ని అలాగే వదిలేస్తే ముల్లు నిలవదు. అలా చేస్తే యా = 12 అని వస్తుంది. సగం అమ్మిన తరువాత కూడా మొత్తం పంట ఇంట్లోనే ఉన్నట్టు! ఈ అసంగతిని గమనించడానికి గణితం కూడా అక్కర్లేదు.

భిన్నాలను ఒకే హారానికి తేవడానికి 9వ శతాబ్దంలో జైన గణితవేత్త మహావీరాచార్యుడు తన ‘గణితసారసంగ్రహం’లో ‘నిరుద్ధం’ అనే పేరుతో ఈ క.సా.గు. పద్ధతినే చెప్పాడు. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు చేయడంతో భిన్నాల లెక్కలు తెలుగు పద్యాల్లోకీ వచ్చాయి.

రెండో చిక్కు లవంలో ఒకటికి మించి పదాలున్నప్పుడు ఎదురవుతుంది.

యా/2 − (యా − 4)/3 = 3

ఇక్కడా గుణించవలసింది 6తోనే.

3యా − 2(యా − 4) = 18

కుండలీకరణం ముందున్న రుణ గుర్తు లోపలి రెండు పదాలకూ వర్తిస్తుంది. కనుక −4 కాస్తా +8 అవుతుంది.

3యా − 2యా + 8 = 18

యా = 10. దీన్ని మొదటి సమీకరణంలో ప్రతిక్షేపిస్తే 5 నుంచి 2 పోగా 3 మిగులుతుంది. గుర్తు మార్చడం మరచినవారికి 26 వస్తుంది. దాన్నీ అదే చోట ప్రతిక్షేపిస్తే 13 నుంచి 22/3 తీసివేయాలి, 3 రాదు. పరీక్షలో ఈ సరిచూపు ఒక్క పంక్తి పని. హడావిడిలో విద్యార్థులు ముందుగా వదిలేసేదీ దాన్నే.