కారు ముందు చక్రం టిక్ టిక్‌మంటే...

పోలవరం నుంచి పట్టిసీమ, గూటాల, తాళ్లపూడి మీదుగా కొవ్వూరు పోయే దారి మీకు తెలుసు కదా! ఆ దారిలో బస్సులు, ఆటోలు, లారీలు తిరుగుతాయి. కిరాయి కార్లూ తిరుగుతాయి. పెళ్లికి వెళ్లాలన్నా, పురిటికి ఆసుపత్రికి వెళ్లాలన్నా, రాజమండ్రిలో రైలు అందుకోవాలన్నా కారు పిలుస్తాం.

ఒక ఇల్లు ఉందనుకోండి. ఇల్లాలు డ్వాక్రా సంఘంలో అప్పు తెచ్చింది. ఆ సొమ్ము కారుకు కట్టారు. భర్త కారు నడుపుతాడు. కారు ఒక్క రోజు ఆగితే ఆ రోజు కిరాయి పోతుంది. అప్పు వాయిదా మాత్రం ఆగదు.

ఆ కారు మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రం దగ్గర "టిక్ టిక్ టిక్" అంటోంది. అది ఏం చెబుతోంది? కారు నడపడం రాకపోయినా ఈ సంగతి తెలుసుకోవచ్చు. చెవి పెట్టి వింటే చాలు.

ముందు చక్రాలకు రెండు పనులు

పాత అంబాసిడర్ కారుకు ఇంజను ముందు ఉండేది. కానీ బండిని వెనక చక్రాలు తోసేవి. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. దానికి ముందు చక్రాలే బండిని లాగేవి. ఈ రెండు కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. నేటి చిన్న కార్లలో చాలా వాటికి ముందు చక్రాలే లాగుతాయి.

అంటే ముందు చక్రం గిర్రున తిరగాలి. అదే సమయంలో కుడికీ ఎడమకీ మళ్లాలి. ఒక్క ఇనప కడ్డీతో ఇది కుదరదు. మన చెయ్యి అన్ని వైపులకూ ఎలా తిరుగుతోంది? భుజం దగ్గర కీలు ఉంది కాబట్టి. కారు చక్రం దగ్గర కూడా అలాంటి కీలే ఉంటుంది. దాన్ని సి.వి. జాయింటు అంటారు. షెడ్డులో యాక్సిలు జాయింటు అని కూడా అంటారు.

ఇప్పుడు ఎక్కువగా వాడే రకాన్ని 1920లలో అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ జెప్పా అనే ఇంజనీరు కనిపెట్టాడు. ఒక ఉక్కు గిన్నెలో 6 ఉక్కు గోళీలు ఉంటాయి. గోళీలు కదలడానికి గాడులు ఉంటాయి. నిండా గ్రీజు ఉంటుంది. గ్రీజు కారిపోకుండా, దుమ్ము చేరకుండా పైన రబ్బరు బూటు తొడుగుతారు. అది హార్మోనియం తిత్తిలాగా మడతలు మడతలుగా ఉంటుంది.

చప్పుడు ఎందుకు వస్తుంది?

రబ్బరు బూటు నానాటికీ ఎండి చిట్లుతుంది. రాయి తగిలినా చిరుగుతుంది. చిరుగులోంచి గ్రీజు బయటకు పోతుంది. దుమ్ము, ఇసుక, వాన నీరు లోపలికి పోతాయి. ఇసుక కలిసిన గ్రీజు సానరాయిలాగా పనిచేస్తుంది. గోళీలూ గాడులూ అరుగుతాయి. అరిగిన చోట సందు పడుతుంది. మలుపులో గోళీలు ఆ సందులో కొట్టుకుంటాయి. అదే "టిక్ టిక్".

చప్పుడును బట్టి జబ్బు

అన్ని చప్పుళ్లూ ఒకటి కావు. జాగ్రత్తగా వినాలి.

1. తిన్నగా వెళ్తున్నా టిక్ టిక్‌మంటే, బండి వేగంతో పాటు అదీ పెరిగితే, టైరు గాడిలో చిన్న రాయి ఇరుక్కుందేమో చూడాలి. బండి ఆపి రాయి తీసేస్తే చాలు. మేకు కనిపిస్తే మాత్రం లాగవద్దు. గాలి పోతుంది. పంక్చరు షాపుకు వెళ్లాలి.

2. చప్పుడుతో పాటు స్టీరింగు వణికితే వెంటనే బండి ఆపాలి. చక్రం నట్లు వదులై ఉండొచ్చు. టైరు మార్చిన కొత్తలో ఇలా జరుగుతుంది. నట్లను వరసగా కాక, ఎదురెదురుగా ఉన్నవి బిగించాలి.

3. గుంటల్లో దిగినప్పుడు "కటకట" అంటే బుష్‌లు గానీ, బాల్ జాయింటు గానీ అరిగి ఉండొచ్చు. బాల్ జాయింటు ఊడితే చక్రం పక్కకు ఒరిగిపోతుంది. ప్రాణం మీదకు వస్తుంది.

4. మలుపులోనే టిక్ టిక్‌మంటే, తిన్నగా వెళ్తే తగ్గితే, అది సి.వి. జాయింటే అనుకోవాలి.

దీనికి ఒక పరీక్ష ఉంది. ఖాళీ మైదానానికి బండి తీసుకెళ్లాలి. స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పి, మెల్లగా గుండ్రంగా నడపాలి. తర్వాత రెండో పక్కకు. ఒకరు దూరంగా నిలబడి ఏ చక్రం దగ్గర చప్పుడు వస్తోందో వినాలి. పిల్లల్ని దగ్గరకు రానివ్వకూడదు. తర్వాత ఇంజను ఆపి చక్రం లోపలి వైపు చూడాలి. నల్లటి గ్రీజు చిమ్మి ఉంటే బూటు చిరిగినట్లే.

బాగు చేయడం ఎలా?

బూటు చిరిగింది గానీ చప్పుడు ఇంకా లేదు. అప్పుడైతే అదృష్టమే. జాయింటు కడిగి, దానికి తగిన గ్రీజు పెట్టి, కొత్త బూటు వేస్తారు. చిన్న ఖర్చుతో పోతుంది.

చప్పుడు మొదలైందా? ఇక గ్రీజు పెట్టినా లాభం లేదు. అరిగిన ఇనుము మళ్లీ పెరగదు కదా! జాయింటు గానీ, మొత్తం యాక్సిలు గానీ మార్చాల్సిందే.

"ఇంకో నెల తిప్పుకోవచ్చా తమ్ముడూ?" అని ఇల్లాలు మెకానిక్కును అడిగిందనుకోండి.

"తిరగొచ్చక్కా. కానీ ఎప్పుడు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు" అంటాడు.

అతను చెప్పింది నిజం. జాయింటు విరిగితే ఇంజను తిరుగుతుంది, బండి కదలదు. అర్ధరాత్రి పురిటి నొప్పులతో ఉన్న మనిషి కారులో ఉంటే ఏం కావాలి? ఒక్క నెల ఆదా కోసం అంత దూరం తెచ్చుకోకూడదు.

ఇవి గుర్తుంచుకోండి

జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు కిందకు దూరకూడదు. స్టాండు పెట్టాలి. వెనక చక్రాలకు అడ్డు వేయాలి. ఇది మెకానిక్కు చేయాల్సిన పని.

మార్చిన పాత భాగం చూపించమని అడగండి. బిల్లు తీసుకోండి. జాయింటుకు ఎంత, బూటుకు ఎంత, గ్రీజుకు ఎంత, కూలి ఎంత అని విడివిడిగా రాయించండి. చదివి, కూడి చూసుకోండి. ఇప్పుడు మీకు చదువు వచ్చు కదా!

నెలకోసారి ముందు చక్రాల వెనక రబ్బరు బూట్లు చూడండి. వానాకాలానికి ముందు తప్పకుండా చూడండి. చిరుగు చిన్నగా ఉన్నప్పుడే కుట్టుకుంటే చీర నిలుస్తుంది. బండి సంగతీ అంతే.