‘ఉండాడు’ తప్పయితే ‘ఈజ్’ ఎట్లా వస్తుంది?

ఇంగ్లీషు మాధ్యమంపై మన రాష్ట్రంలో జరిగిన చర్చ చాలామటుకు ఉత్తర్వుల చుట్టూ, తీర్పుల చుట్టూ తిరిగింది. 2019 నవంబరులో జీవో 81 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ తర్వాత ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉన్న పుస్తకాలు బడులకు చేరాయి. 2023లో మూడో తరగతి నుంచే టోఫెల్ శిక్షణ అన్నారు. దళిత బహుజనులు ఇంగ్లీషును హక్కుగా అడిగారు. ఆ కోరిక న్యాయమైనదే. అయితే మూడో తరగతి పిల్లకు ‘ఈజ్’ ఎలా నేర్పాలన్న ప్రశ్న ఇంత చర్చలోనూ నాకు దాదాపు వినిపించలేదు.

పొదిలి చుట్టుపక్కల కొన్ని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వెనుక బల్లపై కూర్చొని తరగతులు విన్నాను. హెల్పింగ్ వెర్బ్స్ పాఠం చాలాచోట్ల ఒకటే రాగం: ‘యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్’. పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెబుతారు. ‘అతడు వస్తున్నాడు’ అన్నది ఇంగ్లీషులో చెప్పమంటే ‘హి కమింగ్’ అంటారు. ఈజ్ ఏదని గద్దిస్తే ‘హి ఈజ్ కమ్’ అంటారు. పంతులు మళ్లీ పట్టిక మొదలుపెడతారు.

ఈ పొరపాటుకు కారణం ఉంది. ‘మా నాయన మేస్త్రీ’ అన్న తెలుగు వాక్యంలో క్రియే లేదు. ఇంగ్లీషులో అక్కడ ‘ఈజ్’ తెచ్చి పెట్టాలి. ‘వస్తున్నాడు’లో సహాయక క్రియ ఉంది గానీ కనబడదు. ‘వస్తూ’, ‘ఉన్నాడు’ కరిగి ఒకటైన రూపమది.

పొదిలి పిల్లలు ఇంట్లో అట్లా అనరు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా పొదిలి నెల్లూరు జిల్లాలోది. ఆ యాసలో ‘వస్తా ఉండాడు’ అంటారు. రెండు మాటలూ విడివిడిగా నిలబడి ఉంటాయి. ‘వస్తా’కు ‘కమింగ్’, ‘ఉండాడు’కు ‘ఈజ్’. ‘వస్తా ఉండాను’ అంటే అక్కడ ‘యామ్’. ‘వస్తా ఉండారు’ అంటే ‘ఆర్’. మనకు వెనక వచ్చే మాట వాళ్లకు ముందు వస్తుంది, తేడా అంతే. ప్రశ్న అడగాలంటే మనం చివర దీర్ఘం తీస్తాం, ‘వస్తా ఉండాడా?’ అని, ఇంగ్లీషువాళ్లు ‘ఈజ్’ను వాక్యం మొదటికి లాగుతారు. ‘చేయగలను’లోని ‘గల’ను చూపితే ‘కెన్’ కూడా దొరుకుతుంది. పట్టికతో నెలరోజులకు రానిది ఈ దారిలో వారంలో వస్తుందని నా నమ్మకం.

జరుగుతున్నది వేరు. ‘వస్తా ఉండాడు’ అన్న పిల్లను ముందు తెలుగులోనే దిద్దుతారు, అది మొరటు మాటని. పిల్ల నోట విడిగా దొరికిన ‘ఉండాడు’ను నొక్కేసి, ఆ తర్వాత అదే పిల్లచేత ‘ఈజ్’ను బట్టీ పట్టిస్తారు.

ఈ రూపం ఏ ఒక్క కులానిదీ కాదు, ఊరందరి నోటా ఉంది. దిద్దుబాటు మాత్రం అందరిపై ఒకే బరువుతో పడదు. ఇంట్లో పుస్తకమూ పత్రికా ఉన్న పిల్లకు ‘వస్తున్నాడు’ పండుగనాటి బట్ట, వేసుకుంటుంది, విప్పుతుంది. మిరపకాయ కోతలకు తల్లిదండ్రుల వెంట గుంటూరు వైపు వెళ్లి, వారాల తరబడి బడికి దూరమై తిరిగొచ్చిన మాదిగ పిల్లకో యానాది పిల్లకో అదే దిద్దుబాటు ‘మీ అమ్మ మాట తప్పు’ అని వినబడుతుంది. ఆ తర్వాత ఆ పిల్ల తెలుగులోనూ నోరు తెరవదు.

గ్రాంథికంపై పోరాడి గిడుగు రామమూర్తి గెలిపించిన భాషకు ‘శిష్ట వ్యావహారికం’ అని పేరు. శిష్టులెవరో విడమరచి చెప్పనక్కరలేదు. (ఆయనే సవర పిల్లలకు సవర భాషలో చదువు చెప్పించిన సంగతి భాషా దినోత్సవ సభల్లో తక్కువగా వినబడుతుంది.) ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ వృత్తి పదకోశం తెచ్చి సేద్యగాళ్ల మాటను శాస్త్రానికెక్కించారు. బడి మాత్రం ఆ మాటను గడప తొక్కనివ్వలేదు. మాతృభాషలోనే చదువు ఉండాలనే పెద్దలు, ఏ తల్లి భాషో కూడా చెప్పాలి.

తెలుగు క్రియ చివర అంతస్తు కూర్చొని ఉంటుంది. కామందు ‘వస్తున్నారు’, పాలేరు ‘వస్తున్నాడు’. పాలేరు భార్యకూ గేదెకూ ఒకటే ‘వస్తోంది’. ఇంగ్లీషు ‘ఈజ్’ వీళ్లందరికీ ఒకటే. ఆ భాషలోనూ ఒకప్పుడు చిన్నవారిని ‘దౌ ఆర్ట్’ అని, పెద్దవారిని ‘యు ఆర్’ అని వేరు చేసేవారు. ఆ తేడా కాలక్రమంలో రాలిపోయింది. ఇంగ్లీషు వస్తే కులం పోతుందని నేననను. అయితే ఈ ముచ్చట నాలుగో తరగతిలో చెబితే దళితవాడ పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. తమ నాయనను ఊళ్లో ఎవరు ఏమని పిలుస్తారో వాళ్లు రోజూ వింటున్నారు.

ద్విభాషా పుస్తకాల ఎదుటి పేజీలో ఉన్నది శిష్టుల తెలుగే. ఇంకో పేజీ చేర్చమని అడగడం లేదు. ఏ ప్రాంతంలో ఏ రూపం ఉందో ఉపాధ్యాయ శిక్షణలో చెబితే చాలు: పొదిలిలో ‘వస్తా ఉండాడు’, తెలంగాణ పల్లెల్లో ‘వస్తుండు’. విశ్వవిద్యాలయాల తెలుగు, ఇంగ్లీషు శాఖల్లో పరిశోధన అంశాలు వెతుక్కుంటున్న విద్యార్థులు ఈ వేసవిలో తమ మండలం రూపాలను సేకరించి, ఊరి బడి పంతులుకు ఒక ప్రతి ఇచ్చి రావచ్చు.