బూటు మారిస్తే బొటనవేలికి ఊరట

ఆదివారం సాయంత్రం. క్లాంగ్ లిటిల్ ఇండియాలో, అదే జలాన్ టెంకు కెలానాలో, టీ తాగుతూ కూర్చున్నాం. మెరూ వైపు ఫ్యాక్టరీలో పనిచేసే శ్రీకాకుళం అన్న ఒకాయన చెప్పు విప్పి పాదం చూపించాడు. బొటనవేలి మొదట్లో ఎర్రగా కందిపోయిన బుడిపె. వేలేమో పక్క వేలి మీదికి ఒరిగిపోయింది. ‘పన్నెండు గంటల డ్యూటీ అయ్యేసరికి బూటులో నిప్పెట్టినట్టుంటాది. ఆపరేషనంటే ఇంటికి పంపించేస్తారేమోనని ఎవరికీ చెప్పలేదు’ అన్నాడు. అది విని బల్ల దగ్గరున్న మరో ఇద్దరు కూడా తమ కాళ్లకేసి చూసుకున్నారు.

దీన్ని ఇంగ్లిష్‌లో బనియన్ అంటారు. మనం ఒంటికి తొడుక్కునే బనియన్‌కీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు లెండి. డాక్టర్లు హాలక్స్ వాల్గస్ అని రాస్తారు. అక్కడ కొత్త ఎముక మొలిచిందని చాలామంది భయపడతారు కానీ జరిగేది వేరు. బొటనవేలి వెనకుండే పాదం ఎముక ఒక పక్కకు జరుగుతుంది, వేలు రెండో వేలి వైపు వంగుతుంది. రెండూ కలిసే కీలు మూలలాగా పొడుచుకొస్తుంది. ఆ మూల బూటుకు రాసుకుని రాసుకుని వాస్తుంది. చాలామందిలో నొప్పి ఆ రాపిడి వల్లే.

కొంత వంశపారంపర్యం. అమ్మకో నాన్నకో ఉంటే మనకూ రావచ్చు. చప్పిడి పాదాలున్నా వస్తుంది. అయితే బూటు పాత్ర చిన్నది కాదు. 1958లో హాంకాంగ్‌లో చైనీయుల పాదాలు పరిశీలించి అచ్చువేసిన లెక్కల్లో, షూ తొడిగేవారిలో 33 శాతం మందికి ఈ వంకర కనిపిస్తే, తొడగనివారిలో 1.9 శాతం మందికే కనిపించింది. పొలం గట్ల మీద ఒట్టి కాళ్లతో తిరిగినవాళ్లం, ఇక్కడికొచ్చి రోజంతా ఇనుప టోపీ బూట్లలో నిలబడుతున్నాం!

ముందే ఒక మాట. ఆపరేషన్ లేకుండా ఎముక తిరిగి వరసలోకి రాదు. రాత్రిపూట కట్టుకునే పట్టీలతో వేలు తిన్నగా అవుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. కట్టుకున్నంతసేపు హాయిగా ఉంటే ఉండొచ్చు, వంకర మాత్రం పోదు. యాక్స్ ఆయిల్, టైగర్ బామ్ సంగతీ అంతే. కానీ నొప్పి తగ్గించుకోవచ్చు. మనకు కావాల్సింది అదే కదా.

బూటు కొలత ఇలా...

సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, కాగితం మీద నిలబడి పాదం చుట్టూ పెన్సిల్‌తో గీత గీయండి. దాని మీద మీ సేఫ్టీ బూటు పెట్టండి. గీత బూటు బయటికి కనిపించిందా, మీ నొప్పికి కారణం దొరికినట్టే. తోలు కొంత సాగుతుంది, ముందుండే ఇనుప టోపీ సాగదు. దాని అంచు బుడిపె మీద పడితే ఏ మందు రాసినా దండగే.

పొడవు ఒక నంబరు పెంచి ఊరుకోవద్దు. మడమ జారి పాదం ముందుకు తోసుకొస్తుంది. వెడల్పు రకం అడగాలి. ‘కసుత్ ఇని సెంపిత్’ అంటే ఈ బూటు ఇరుకుగా ఉందని. ‘లెబిహ్ లెబార్’ అంటే ఇంకా వెడల్పుది. సూపర్‌వైజర్‌కు ఆ కాగితం కూడా చూపించండి. మలేసియా 1994 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య చట్టం ప్రకారం, ఆ చట్టం కింద కంపెనీ ఇవ్వాల్సిన రక్షణ సామగ్రికి కార్మికుడి దగ్గర డబ్బు వసూలు చేయకూడదు. అడగడానికి మొహమాటం అక్కర్లేదు. అంతేగాని బూటుకు కన్నం కోయడం, డ్యూటీలో చెప్పులు వేసుకోవడం వద్దు. ఫోర్క్‌లిఫ్ట్ తిరిగేచోట ఉన్న వేలే పోతుంది.

కొత్త బూటు వచ్చేదాకా బుడిపెకు ఎదురుగా ఉన్న లేసు కన్నం వదిలేసి కట్టుకోండి. ఫార్మసీలో మధ్యలో చిల్లు ఉన్న మెత్తని ప్యాడ్ దొరుకుతుంది. బుడిపె ఆ చిల్లులోకి రావాలి. వేళ్ల మధ్య పెట్టే సిలికాన్ ముక్కా కొందరికి పనిచేస్తుంది. బూటు ఇరుకుగా ఉండగా ఇవి దూర్చితే మాత్రం నొప్పి ఇంకా పెరుగుతుంది. చప్పిడి పాదాలవారికి పాదం వంపును మోసే ఇన్‌సోల్ మేలు. డ్యూటీ దిగాక ఐస్ ముక్కలు గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టండి. నొప్పి బిళ్లలు ఎప్పుడో ఒకటంటే సరే గానీ, ఇబుప్రోఫెన్ లాంటివి రోజూ మింగితే కడుపుకూ కిడ్నీకీ చేటు. ఎండలో చెమటోడ్చేవాళ్లు మరీ జాగ్రత్త.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

రాత్రికి రాత్రి బొటనవేలి కీలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే అది యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే గౌట్ కావచ్చు. దానికి మందులు వేరు. షుగర్ ఉన్నవాళ్లు ఐస్, వేడినీళ్లు, ప్యాడ్‌లు సొంతంగా వాడొద్దు. స్పర్శ తగ్గితే కాలినా, పుండు పడినా తెలియదు. చర్మం చిట్లినా, చీము కనిపించినా ఆ రోజే వెళ్లాలి. మొదట కంపెనీ ప్యానెల్ క్లినిక్‌కు వెళ్లండి. క్లాంగ్‌లో పెద్ద ప్రభుత్వాస్పత్రి టెంకు అంపువాన్ రహీమా ఉంది కానీ, ప్రభుత్వాస్పత్రుల్లో విదేశీయులకు ఫీజు స్థానికులకంటే బాగా ఎక్కువ.

ఇవన్నీ కొన్ని నెలలు చేసినా నడవలేకపోతే అప్పుడు ఆపరేషన్ మాట. ఆ తర్వాత సుమారు ఆరు వారాలు కాలికి జాగ్రత్త తప్పదు, నిలబడి చేసే పనికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. చేయించుకోవాలనుకుంటే ఊరెళ్లే సెలవు ఎన్నాళ్లో ముందుగా లెక్క చూసుకోండి.