మాలకు ముందు పది ప్రశ్నలు: రాయదుర్గం ప్రాంతంలో మద్యం, పొగాకు విరమణ – ప్రాథమిక వైద్యం పాత్ర

అనంతపురం జిల్లా రాయదుర్గానికి సమీపంలో, బొమ్మనహాళ్ మండలం ఉంతకల్లులోని పాండురంగస్వామి ఆలయం మద్యం మానదలచినవారు మాల ధరించే క్షేత్రంగా ప్రసిద్ధి పొందింది. ఏకాదశి నాడు మాల వేసుకొని ఇక తాగబోమని స్వామి ఎదుట మాట ఇస్తారు. తరువాతి ఏకాదశులకు తిరిగి దర్శనానికి వస్తారు. ఈ ఆచారాన్ని మూఢనమ్మకమని తోసిపుచ్చడం తేలిక. కాని మానడానికి ఒక నిర్ణీత దినం, నలుగురి ఎదుట ప్రమాణం, గడువు ప్రకారం పునర్దర్శనం – వ్యసన చికిత్సలో వైద్యులు కోరుకొనేవన్నీ ఇందులో సహజంగానే ఉన్నాయి. మాల చెప్పలేనిది ఒక్కటే: ధరించినవాని శరీరం మద్యానికి ఎంతగా లొంగిపోయిందన్నది.

ఏళ్ల తరబడి రోజూ అధికంగా తాగినవాడు హఠాత్తుగా మానినప్పుడు 6 నుండి 24 గంటలలో చేతుల వణుకు, చెమటలు, నిద్రలేమి మొదలవుతాయి. తొలి రెండు రోజులలో మూర్ఛలు రావచ్చు. కొందరిలో 48 నుండి 72 గంటల మధ్య మతి తప్పి, లేనివి కనిపించే స్థితి ఏర్పడుతుంది. చికిత్స అందకపోతే అది ప్రాణాంతకం. ఏకాదశి నాడు మానినవానికి ద్వాదశి, త్రయోదశులే గండమన్నమాట. ఆ లక్షణాలను దైవపరీక్షగా భావించి ఇంటివారు ఆలస్యం చేస్తే నష్టం తీవ్రమవుతుంది. వైద్యుని పర్యవేక్షణలో డయాజిపామ్ వంటి మందులు, థయమిన్ ఇచ్చి ఈ దశను దాటించవచ్చు.

ఎవరికి ఈ ప్రమాదం ఉన్నదో గుర్తించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ‘ఆడిట్’ ప్రశ్నావళి ఉపకరిస్తుంది. ప్రశ్నలు 10, గరిష్ఠ మార్కులు 40. ఎనిమిది అంతకు మించితే హానికర స్థాయి. 20 అంతకు మించితే వ్యసనానికి బానిసయ్యే అవకాశం ఎక్కువ, అటువంటివారిని అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వంటి చోటికి పంపడమే క్షేమం. అంతకంటే తక్కువ ఉన్నవారికి మాటసాయమే చాలా వరకు సరిపోతుంది. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో 12 నుండి 19 మార్కులున్న పురుషులకు, వైద్యవిద్య లేని శిక్షిత సలహాదారులు కొద్ది విడతలు మాట్లాడగా, మూడు నెలలకు 36 శాతం మంది హానికర స్థాయి నుండి బయటపడ్డారు. సాధారణ వైద్యం మాత్రమే పొందినవారిలో అది 26 శాతం. 2017లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన ఈ ఫలితంలో పూర్తిగా మాననివారు, తగ్గించుకొన్నవారు కూడా ఉన్నారు. ప్రమాణానికి తగ్గింపుతో పని లేదు. ఒక్క గుక్కతో మాట తప్పినట్లే. ఆ ఒక్క గుక్క తరువాత సిగ్గుతో గుడికీ, ఇంటికీ ముఖం చాటేసే మనిషిని మళ్లీ పలకరించవలసినది ఆరోగ్య కేంద్రమే.

పొగాకు సంగతి వేరు. దానిని ఒక్కసారిగా మానినా ప్రాణభయం లేదు. చిరాకు, తహతహ కొన్ని వారాలుంటాయి. లండన్ వైద్యులపై రసెల్ బృందం 1979లో ప్రకటించిన అధ్యయనంలో, మానమని చెప్పి, కరపత్రం ఇచ్చి, మళ్లీ పరీక్షిస్తామని హెచ్చరించినవారిలో ఏడాది తరువాత 5.1 శాతం పొగకు దూరంగా ఉండగా, ఏమీ చెప్పనివారిలో అది 0.3 శాతమే. స్వల్పంగా తోచినా, ఒకటి రెండు నిమిషాల మాటకు ఇంతకు మించిన ఫలం వైద్యంలో అరుదు. అయినా 2016–17 జాతీయ సర్వేలో వైద్యసిబ్బందిని కలిసిన ధూమపాయులలో ఆ సలహా విన్నవారు 48.8 శాతమే. అడిగే తీరూ ముఖ్యమే: సిగరెట్టు తాగుతావా అంటే బీడీ తాగేవాడు లేదనే చెబుతాడు. బీడీ, చుట్ట, ఖైనీ, గుట్కా అని పేరుపేరునా అడగాలి. నికోటిన్ ప్రత్యామ్నాయ మందులు 2022 జాతీయ అత్యవసర ఔషధ జాబితాలో చేరాయి.

ఏకాదశులు పంచాంగంలో ముందే ఉంటాయి కనుక, ఆ ముందు వారంలో ఆశా కార్యకర్తలు మాలకు సిద్ధమయ్యేవారిని ఆడిట్ ప్రశ్నలు అడిగి, పొద్దున లేవగానే తాగనిదే నిలువలేనివారిని ప్రయాణానికి ముందే వైద్యునికి చూపడం సాధ్యమే.