బ్లాస్టింగ్ పెట్టెలో దుమ్మును ఎలా పడతారు?

తుప్పు పట్టిన సైకిల్ భాగాన్ని మూసిన పెట్టెలో ఉంచి, గాలి ఒత్తిడితో గరుకు రేణువులను దాని మీదికి చిమ్మితే తుప్పు రాలిపోతుంది. బ్లాస్టింగ్ అనే ఈ పద్ధతికి అమెరికాలో బెంజమిన్ టిల్‌మన్ 1870లో పేటెంట్ పొందాడు. ఇప్పుడు ఇంటి వర్క్‌షాపుల్లోనూ చేస్తున్నారు. అయితే రేణువులు లోహానికి తగిలి పగిలి పొడి అవుతాయి. కాసేపటికే పెట్టె కిటికీ అద్దంలోంచి ఏమీ కనిపించదు.

ఆ పొడిని వ్యాక్యూమ్ క్లీనర్‌తో నేరుగా లాగితే ఫిల్టర్ త్వరగా పూడిపోతుంది. అందుకే మధ్యలో గరాటు ఆకారపు సైక్లోన్ పెడతారు. తెలివంతా ఇందులోనే ఉంది! గాలి పక్క నుంచి దూరి గిరగిరా తిరుగుతుంది. బరువైన రేణువులు గాలి తిరిగినంత సులువుగా మలుపు తిరగలేవు. గోడకు కొట్టుకుని, జారి కింది డబ్బాలో పడతాయి. గాలి మధ్య గొట్టంలోంచి పైకి పోతుంది. దానితో వెళ్లే సన్నటి పొడిని హెపా ఫిల్టర్ ఆపుతుంది. పెట్టెకు బయటి గాలి వచ్చే రంధ్రం కూడా ఉండాలి. లేకపోతే లోపలి గాలి కదలదు, దుమ్మూ కదలదు.

ఇసుక మాత్రం అసలు వాడకూడదు. పగిలిన ఇసుకలోని సిలికా ఊపిరితిత్తుల లోతుకు చేరి సిలికోసిస్ అనే జబ్బు తెస్తుంది. దాన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. బ్రిటన్ 1949 నాటి నిబంధనలతోనే ఈ పనికి ఇసుకను నిషేధించింది. బదులుగా గాజు పూసలో, అల్యూమినియం ఆక్సైడో వాడతారు. డబ్బా ఖాళీ చేసేటప్పుడు కూడా దుమ్మును ఆపే మంచి మాస్కు పెట్టుకోవాల్సిందే.