వర్క్‌స్టేషన్ కీబోర్డు: ఎలా ఎంచాలి, ఎలా కాపాడుకోవాలి?

ఒకే కీబోర్డు మీద పియానో, వయొలిన్ బృందం, వేణువు, డ్రమ్ములు ఒకదాని వెంట ఒకటి పలకడం మీరు వినే ఉంటారు. ఇలాంటి వాయిద్యాల్లో పై తరగతికి చెందినవాటిని 'వర్క్‌స్టేషన్లు' అంటారు. వీటిలో కొన్నింటి ధర లక్షల రూపాయల్లో ఉంటుంది. అంత డబ్బు పెట్టే ముందు వాయిద్యం మంచిచెడ్డలు ఎలా తేల్చుకోవాలి? కొన్నాక అది మనకు ఎన్నాళ్లు పనికొస్తుంది? జపాన్‌కు చెందిన కోర్గ్ సంస్థ తయారుచేసిన రెండు వాయిద్యాలను ఉదాహరణగా తీసుకుని ఈ ప్రశ్నలను పరిశీలిద్దాం. మొదటిది 1988లో వచ్చిన ఎం-1. రెండవది 2005లో సుమారు 8,000 డాలర్ల ధరతో వచ్చిన ఒయాసిస్.

వర్క్‌స్టేషన్ అంటే ఏమిటి?

సింథసైజర్ విద్యుత్ సంకేతాలతో శబ్దాన్ని తయారుచేస్తుంది. దానికి మరో రెండు భాగాలు తోడైతే వర్క్‌స్టేషన్ అవుతుంది. ఒకటి, శబ్దానికి ప్రతిధ్వని వంటి మెరుగులు దిద్దే ఎఫెక్ట్స్ విభాగం. రెండవది సీక్వెన్సర్. సీక్వెన్సర్ శబ్దాన్ని రికార్డు చేయదు. ఏ మెట్టును ఎప్పుడు, ఎంత బలంగా, ఎంతసేపు నొక్కామో మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. పాట రికార్డుకూ, స్వరలిపి రాసిన కాగితానికీ ఉన్న తేడా లాంటిదే ఇది. ఈ తేడాను గుర్తుంచుకోండి, దీని అవసరం మళ్లీ వస్తుంది.

ఎలక్ట్రానిక్ వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 1983లో 'మిడి' అనే ఉమ్మడి భాష వచ్చింది. దానితో వేర్వేరు యంత్రాలను తీగలతో కలిపి వాడడం వీలైంది. ఎం-1 ఆ పనులన్నింటినీ ఒకే పెట్టెలో చేర్చింది. 8 ట్రాకుల సీక్వెన్సర్‌తో ఒక్క వ్యక్తే ఒక పాటకు వాద్య సహకారమంతా కూర్చుకోగలిగాడు.

మెమరీ అంకె ఏం చెబుతుంది?

ఎం-1లో శబ్ద నమూనాలు, అంటే శాంపిల్స్, నిలవ ఉన్న మెమరీ 4 మెగాబైట్లు. ఒక లెక్క చేద్దాం. సీడీ నాణ్యతలో సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలుస్తారు. ఒక్కో కొలతకు 2 బైట్లు కావాలి. అంటే ఒక సెకను శబ్దానికి 88,200 బైట్లు. ఈ లెక్కన 4 మెగాబైట్లలో పట్టేది 48 సెకన్లకు లోపే! అందులోనే పియానో, తీగ వాయిద్యాలు, డ్రమ్ములు అన్నీ ఎలా ఇమిడాయి?

దీనికి రెండు ఉపాయాలు ఉన్నాయి. మొదటిది, ఒకే నమూనాను పక్కపక్కన ఉన్న అనేక మెట్లకు వాడడం. దాన్ని కొంచెం వేగంగా చదివితే శ్రుతి పెరుగుతుంది, నెమ్మదిగా చదివితే తగ్గుతుంది. రెండవది, స్వరం మొదలయ్యే క్షణాన్ని ఉన్నదున్నట్లు ఉంచి, ఆ తర్వాతి చిన్న భాగాన్ని మళ్లీ మళ్లీ తిప్పడం. దీన్నే 'లూప్' అంటారు. ఏది పియానో, ఏది వేణువు అని గుర్తుపట్టడంలో మన చెవి స్వరం ఆరంభాన్ని ఎక్కువగా ఆధారం చేసుకుంటుంది కాబట్టి ఈ ఉపాయం ఫలించింది. అంత తక్కువ మెమరీలో పుట్టిన ఎం-1 పియానో, ఆర్గాన్ శబ్దాలే 1990లలో పాశ్చాత్య డాన్సు సంగీతానికి ఒక గుర్తుగా నిలిచాయి.

ఒయాసిస్ దాదాపు పూర్తిగా కంప్యూటరే. లోపల 2.8 గిగాహెర్ట్జ్ పెంటియం-4 ప్రాసెసర్, లినక్స్ ఆధారిత వ్యవస్థ, హార్డ్ డిస్క్ ఉంటాయి. నమూనాలు డిస్క్ నుంచి ర్యామ్‌లోకి ఎక్కితేనే పలుకుతాయి. ర్యామ్‌కు హద్దు ఉంది కాబట్టి పియానో నమూనాలకూ హద్దు ఉండేది. 2011లో వచ్చిన క్రోనోస్, వాయిస్తున్నంతసేపూ నమూనాలను సాలిడ్ స్టేట్ డిస్క్ నుంచి నేరుగా చదువుకునే పద్ధతితో ఆ హద్దును దాటింది.

కాబట్టి కరపత్రంలోని మెమరీ అంకె చూసి తృప్తి పడకండి. పియానో శబ్దాన్ని ఎంచుకుని, కింది స్థాయిలో ఒక మెట్టును నొక్కి శబ్దం పూర్తిగా ఆరిపోయేదాకా వినండి. లూప్ పొట్టిదైతే ఒకే అల పదేపదే తిరుగుతున్నట్లు చెవికి తెలుస్తుంది. తర్వాత మెట్లన్నింటినీ వరుసగా, ఒకే బలంతో నొక్కండి. ఒక నమూనా ముగిసి మరొకటి మొదలైన చోట స్వరం రంగు మారితే పట్టుబడిపోతుంది.

ఒకేసారి ఎన్ని స్వరాలు?

వాయిద్యం ఒకేసారి పలికించగల స్వరాల సంఖ్యను 'పాలిఫోనీ' అంటారు. ఎం-1కు ఇది 16. రెండు చేతులకూ ఉన్నవి పది వేళ్లే కదా, 16 చాలవా అనిపిస్తుంది. కానీ ఒక శబ్దం రెండు నమూనాల కలయిక అయితే, ఒక్క మెట్టుకే రెండు స్వరాలు ఖర్చవుతాయి. అలాంటి నాలుగు శబ్దాలను ఒకదానిమీద ఒకటి పొరలుగా పేరిస్తే మెట్టుకు 8 స్వరాలు ఖర్చు. మూడవ మెట్టు నొక్కగానే ముందున్నది తెగిపోతుంది.

ఒయాసిస్‌లోని ప్రధాన శబ్ద విభాగానికి గరిష్ఠంగా 172 స్వరాలు. అయితే అదే ప్రాసెసర్ మిగిలిన శబ్ద విభాగాలనూ, ఎఫెక్ట్స్‌నూ నడపాలి. అంటే ఇచ్చిన అంకె గరిష్ఠ హద్దు మాత్రమే. దీన్ని పరీక్షించాలంటే అనేక పొరలున్న శబ్దాన్ని తీసుకుని, సస్టెయిన్ పెడల్ తొక్కి ఉంచి కింది నుంచి పైకి వాయించండి. మొదట నొక్కిన మంద్ర స్వరాలు హఠాత్తుగా మాయమవుతున్నాయేమో గమనించండి.

వేలి కింద మెట్టు

మెట్టును ఎంత బలంగా కొట్టామో కీబోర్డుకు ఎలా తెలుస్తుంది? సాధారణంగా మెట్టు కింద రెండు స్పర్శబిందువులు ఉంటాయి. మొదటిదాన్ని దాటి రెండవదాన్ని చేరడానికి పట్టిన సమయాన్ని కొలుస్తారు. సమయం తక్కువైతే దెబ్బ గట్టిది. ఈ కొలతను మిడి 1 నుంచి 127 దాకా అంకెల్లో చెబుతుంది. అన్నింటికన్నా మెల్లగా, అన్నింటికన్నా గట్టిగా వాయించి, ఆ రెంటి నడుమ మెట్లన్నీ మీ వేలికి లొంగుతున్నాయో లేదో చూసుకోండి.

కర్ణాటక సంగీతం నేర్చుకునేవారికి మరో పరీక్ష ఉంది. మెట్టు ఇచ్చేది కదలని స్వరాన్ని. తోడి రాగంలోని గాంధారం కదలకుండా నిలబడితే తోడి కాదు. ఆ కంపితాన్ని ఎడమచేతితో పిచ్-బెండ్ ద్వారా తేవాలి. మిడిలో దీనికి 16,384 స్థానాలు ఉన్నాయి కాబట్టి సూక్ష్మతకు లోటు లేదు. కానీ ఒక చానెల్‌లో పలికే స్వరాలన్నీ కలిసే వంగుతాయి. షడ్జ పంచమాల శ్రుతి అదే చానెల్‌లో ఉంటే అదీ ఊగిపోతుంది. శ్రుతిని వేరే చానెల్‌లో పెట్టుకోవాలి. చెన్నైకి చెందిన కె. సత్యనారాయణన్ వంటి కళాకారులు కీబోర్డుపై పూర్తి కర్ణాటక కచేరీలు చేసి, సాధన ఉంటే ఇది సాధ్యమేనని చూపారు.

కొన్న తర్వాత

వీణకు తీగలు మార్చుకోవచ్చు, మెట్లు మళ్లీ వేయించుకోవచ్చు. వర్క్‌స్టేషన్ అటు వాయిద్యం, ఇటు కంప్యూటర్. కంప్యూటర్ భాగమే ముందు ముసలిదవుతుంది.

ఎం-1లో మనం తయారుచేసుకున్న శబ్దాలను కాపాడేది రూపాయి బిళ్లంత లిథియం బ్యాటరీ. అది అయిపోతే శబ్దాలు చెరిగిపోతాయి. ఒయాసిస్ వంటి వాటిలో సీక్వెన్సర్‌లోని పాటను డిస్క్‌లో భద్రపరచకముందే కరెంటు పోతే పాట కూడా పోతుంది. అందుకే యూపీఎస్ తప్పనిసరి. విదేశాల నుంచి తెచ్చిన సెకండ్ హ్యాండ్ వాయిద్యమైతే అది 100 లేదా 120 వోల్టులదేమో చూడకుండా మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టకూడదు.

ఇక విలువ సంగతి. ఒయాసిస్ తయారీ 2009లో ఆగిపోయింది. రెండేళ్లకే వచ్చిన క్రోనోస్‌లో ఒయాసిస్ శబ్ద విభాగాలు ఏడూ, మరో రెండూ ఉన్నాయి. 61 మెట్ల క్రోనోస్ ధర ఒయాసిస్ ధరలో సగానికి లోపే ఉండేది. మరి ఒయాసిస్ కొన్నవారు నష్టపోయారా? ఆ నాలుగైదేళ్లూ దానితో రోజూ పనిచేసి సంపాదించుకున్నవారికి నష్టం లేదు. ఎప్పటికైనా పనికొస్తుందని కొని గుడ్డ కప్పి ఉంచినవారికి మాత్రం నష్టమే. కాబట్టి రాబోయే మూడేళ్లలో మీరు చేయబోయే పనికి తగిన వాయిద్యాన్ని కొనండి. ఆ పనికి సాధారణ కీబోర్డు, ఇంట్లోని కంప్యూటర్ చాలితే వాటితోనే మొదలుపెట్టడం తెలివైన పని.

పాటలను ఎలా కాపాడుకోవాలి? సీక్వెన్సర్ దాచేది స్వరలిపినే అని చెప్పుకున్నాం కదా. మిడి ఫైలుగా భద్రపరిస్తే స్వరలిపి మిగులుతుంది, శబ్దం మిగలదు. మరో యంత్రంలో అదే పాట వేరే గొంతుతో పలుకుతుంది. అందుకే పూర్తయిన ప్రతి పాటనూ మిడి ఫైలుగానూ, ఆడియో ఫైలుగానూ రెండు చోట్ల దాచండి. యంత్రం పాడైనా మీ సంగీతం మిగులుతుంది.

అభ్యాసం

1. ఒక వాయిద్యం పాలిఫోనీ 64. ఒక్కో శబ్దానికి రెండు నమూనాలు, అలాంటి పొరలు నాలుగు. ఒకేసారి ఎన్ని మెట్లు పలుకుతాయి?
2. మిడి ఫైలుకూ, ఆడియో ఫైలుకూ తేడా ఏమిటి?
3. మీ కళాశాలలో కీబోర్డు ఉంటే ఈ పాఠంలో చెప్పిన పియానో పరీక్షలు రెండూ చేసి, విన్నదాన్ని రాయండి.